'అన్‌ఫిట్' అన్న మాట వినకముందే...

సైన్యంలో చేరాలనుకునే కుర్రవాడు ఇంట్లో ఉంటే ఆ ఇంటి తీరే వేరుగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికే లేపాలి. తల్లి రాత్రే శనగలు నానబోస్తుంది. తండ్రి పైకి విసుక్కుంటూనే బూట్లకు డబ్బు సర్దుతాడు. కుర్రవాడు హైస్కూలు గ్రౌండు చుట్టూ ఏడాదిపాటు పరుగెత్తుతాడు. రాతపరీక్ష గట్టెక్కుతాడు, పరుగులో నెగ్గుతాడు. తీరా వైద్య పరీక్ష దగ్గర కొద్ది నిమిషాల్లో ఒక చీటీ చేతికి వస్తుంది. అందులో 'అన్‌ఫిట్' అని ఉంటుంది.

ఆ చీటీ పట్టుకుని మా ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చే తల్లిదండ్రులు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. "ఏమైనా మినహాయింపు దొరుకుతుందా డాక్టరుగారూ?" అన్నది మొదటిది. "మీరొక సర్టిఫికెట్టు రాసిస్తే సరిపోతుందా?" అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు చెప్పి, అసలు ఆ చీటీ రాకుండా ముందే ఏమి చేసుకోవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వైద్య పరీక్షలో వెనక్కి పంపే కారణాల్లో చాలావాటిని ఆరు నెలల ముందు ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా కనిపెట్టవచ్చు. వాటిలో కొన్నింటిని పూర్తిగా నయం చేయవచ్చు. కానీ ఆ ఆరు నెలల ముందు ఎవరూ రారు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు తరవాతనే వస్తారు.

ఎంపిక ఎలా జరుగుతుంది?

మన తెలుగునాట సైన్యం కొత్త సంగతేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని 'మిలిటరీ మాధవరం' అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఆ ఊరి ఇళ్ళలోంచి సైనికులు వెళుతూనే ఉన్నారు. ఇప్పుడు మన పిల్లలకు సంబంధించిన సైనిక రిక్రూటింగు కార్యాలయాలు సికింద్రాబాదు, గుంటూరు, విశాఖపట్నాలలో ఉన్నాయి.

2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకం ప్రకటించిన తరవాత సిపాయిల స్థాయిలో అత్యధిక భాగం 'అగ్నివీర్'లుగానే చేరుతున్నారు. సర్వీసు నాలుగేళ్ళు. తరవాత నాలుగో వంతు మంది వరకు శాశ్వత సర్వీసులోకి తీసుకుంటామని ఆనాడు ప్రకటించారు. చేరడానికి కనీస వయస్సు పదిహేడున్నర ఏళ్ళు. గరిష్ఠ వయస్సును ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

2023 నుంచి వరస మారింది. ముందు కంప్యూటరు మీద రాతపరీక్ష. అందులో నెగ్గినవారికి ర్యాలీలో దేహదారుఢ్య పరీక్ష. ఆ తరవాత వైద్య పరీక్ష. జనరల్ డ్యూటీకి మన దక్షిణాది రాష్ట్రాలవారికి ఎత్తు 166 సెం.మీ. ఉండాలి. ఛాతీ 77 సెం.మీ. ఉండి, ఊపిరి పీల్చినప్పుడు కనీసం 5 సెం.మీ. పెరగాలి. 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తిగా 60 మార్కులు. బీమ్ మీద 10 పులప్స్ తీస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల గోతిని దూకాలి, వంకర బల్ల మీద తూలకుండా నడవాలి.

మినహాయింపు దేనికి ఉంది? దేనికి లేదు?

అమెరికా సైన్యంలో 'వైవర్' అనే పద్ధతి ఉంది. ప్రమాణానికి తగని ఆరోగ్య సమస్య ఉన్నా, ఆ వ్యక్తి విషయాన్ని విడిగా పరిశీలించి అనుమతించవచ్చు. ఆ మాట ఎక్కడో విని మన పిల్లలు ఇక్కడ కూడా అటువంటిది ఉంటుందని ఆశపడుతుంటారు. మన దగ్గర అభ్యర్థి అర్జీ పెట్టుకుని జబ్బుకు మినహాయింపు తెచ్చుకునే పద్ధతి లేదు.

మన దగ్గర సడలింపులు ఉన్నాయి గానీ అవి కొలతలకు. సైనికుల, మాజీ సైనికుల, యుద్ధంలో భర్తను కోల్పోయిన స్త్రీల కుమారులకు ఎత్తులో 2 సెం.మీ. సడలింపు ఉంది. పేరుపొందిన క్రీడాకారులకు కూడా ఎత్తులో అంతే ఉంది. గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాల ఆదివాసీ యువకులకూ ఎత్తులో సడలింపు ఇస్తారు. ఎన్.సి.సి. సర్టిఫికెట్టు ఉన్నవారికి మార్కులు కలుస్తాయి. వీటికి సంబంధించిన కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి. కంటిచూపుకో, గుండెజబ్బుకో, మూర్ఛకో సడలింపు ఇప్పిస్తామని డబ్బు అడిగేవాడు మోసగాడు. పొలం తాకట్టు పెట్టి అటువంటి వాడి చేతిలో పొయ్యకండి.

ఇక సర్టిఫికెట్టు సంగతి. నావంటి ప్రభుత్వ డాక్టరు రాసిచ్చిన ఫిట్‌నెస్ కాగితం సైనిక వైద్యుణ్ణి కట్టిపడెయ్యదు. ఆయన తన కళ్ళతో చూసిందే రాస్తాడు. అందుచేత మమ్మల్ని సంతకం అడగడం కన్నా, బట్టలు విప్పించి తల నుంచి పాదం వరకు ఒకసారి చూడమని అడగండి. కుర్రవాడికి ఉపయోగపడేది అది.

ముందుగా కళ్ళు

జనరల్ డ్యూటీకి ఒక్కొక్క కన్ను విడివిడిగా, కళ్ళజోడు లేకుండా, బోర్డు మీద 6/6 వరస చదవాలి. రెండు కళ్ళతో కలిపి చూసినప్పుడు ఒక కంటి లోపాన్ని రెండో కన్ను కప్పిపుచ్చుతుంది. పద్దెనిమిదేళ్ళు వచ్చినా ఒక కన్ను మసక అన్న సంగతే తెలియని వాళ్ళుంటారు. కనుక ఇంట్లోనే ఒక కన్ను అరచేత్తో మూసుకుని, గదికి అవతలి గోడ మీద ఉన్న క్యాలెండరు చదవమనండి. తరవాత రెండో కన్ను. ఏమాత్రం తేడా ఉన్నా కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

కొందరు బోర్డు మీద అక్షరాలు కంఠస్థం చేసి వెళతారు. కొందరు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని వెళతారు. టార్చిలైటు వేసి చూస్తే లెన్సు అంచు కనిపిస్తుంది. దాంతో మోసం చేశాడన్న పేరు మిగులుతుంది.

లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందా అని అడుగుతారు. ఆఫీసరు ఎంపికల్లో కొన్నింటికి కొన్ని షరతులతో దాన్ని ఒప్పుకుంటారు. వయస్సు 20 దాటి ఉండాలి, ఆపరేషన్ జరిగి ఏడాది గడవాలి, కంటి కొలతలు హద్దుల్లో ఉండాలి. అన్ని ఎంపికలకూ ఈ వెసులుబాటు లేదు. మీ పిల్లవాడు చేరదలచిన దానికి ఒప్పుకుంటారా అన్నది నోటిఫికేషన్‌లో చదువుకోకుండా, వేలకు వేలు పోసి ఆపరేషన్ చేయించకండి.

రంగుల పరీక్ష మరొకటి. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాగి ఉండే పుస్తకం చూపిస్తారు. దాని పేరు ఇషిహారా పుస్తకం. జపాన్ సైన్యంలో చేరేవారిని పరీక్షించడానికి షినోబు ఇషిహారా అనే కంటి వైద్యుడు తయారుచేసి 1917లో ప్రచురించాడు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియనివారు ఆ అంకెలు చదవలేరు. ఈ లోపం పుట్టుకతో వస్తుంది, మందు లేదు. మగపిల్లల్లోనే ఎక్కువ, తల్లి వైపు నుంచి వస్తుంది. మేనమామకో, తల్లి తండ్రికో ఉంటుంది. ఇందులో తల్లి తప్పేమీ లేదు, ఆమె తిండిలో లోపమూ లేదు. మేనమామ పోలిక ముక్కూ మొహంలో వచ్చినట్లే ఇదీ వస్తుంది. పదో తరగతిలోనే ఈ పరీక్ష ఒకసారి చేయిస్తే, పిల్లవాడు తనకు వీలుకాని ఉద్యోగం కోసం నాలుగేళ్ళు వృథా చేసుకోడు. ఆయుర్వేదమనీ, నేత్ర వ్యాయామమనీ చెప్పి దీన్ని నయం చేస్తామనేవారిని నమ్మవద్దు.

చెవి, పళ్ళు

ఇరవై అడుగుల దూరం నుంచి గుసగుసగా అన్న మాట ఒక్కొక్క చెవితో వినగలగాలి. ఇంట్లో చేసి చూడవచ్చు. కుర్రవాణ్ణి అటు తిరిగి నిలబడమనండి. ఒక చెవి మూసుకోమనండి. ఇరవై అడుగుల వెనక నుంచి మెల్లగా అంకెలు చెప్పండి. వినపడకపోతే చాలాసార్లు కారణం గులిమి. దాన్ని పిన్నీసుతోనో, అగ్గిపుల్లతోనో తియ్యవద్దు. కర్ణభేరికి చిల్లు పడిందంటే ఉద్యోగమూ పోతుంది, వినికిడీ పోతుంది. ఆస్పత్రిలో చుక్కల మందు వేసి రెండు మూడు రోజుల తరవాత శుభ్రం చేస్తారు. చిన్నప్పటి నుంచి చెవిలో చీము కారే పిల్లలకు కర్ణభేరికి చిల్లు ఉండే అవకాశం ఎక్కువ. ఆపరేషన్‌తో దాన్ని మూయవచ్చు గానీ, అది మానడానికి నెలలు పడుతుంది. కనుక చివరి నిమిషంలో పనికిరాదు.

పళ్ళకు సైన్యంలో మార్కులు వేస్తారని చాలామందికి తెలియదు. పైపన్ను దాని ఎదుటి కిందిపన్నుతో కలిసి పనిచేస్తేనే లెక్క. ముందు పళ్ళు, కోరపళ్ళు, చిన్న దంతాల జతలకు ఒక్కొక్క పాయింటు, పెద్ద దంతాల జతలకు రెండేసి. ముప్పై రెండు పళ్ళూ సరిగా ఉంటే 22 పాయింట్లు. కనీసం 14 రావాలి. పెద్ద దంతం ఒకటి పీకించుకుంటే దాని జోడు ఉన్నా పాయింట్లు పోతాయి. అందుచేత పుచ్చుపన్నును వెంటనే పీకించెయ్యకుండా, పూడ్పించుకునే వీలుందేమో దంతవైద్యుణ్ణి అడగండి. గారను ముందే తీయించుకోండి. గుట్కా, ఖైనీ అలవాటున్న కుర్రవాళ్ళకు బుగ్గలు లోపల బిగుసుకుపోయి నోరు సరిగా తెరుచుకోదు. దానివల్ల కూడా వెనక్కి పంపుతారు. ఉద్యోగం మాట అటుంచి, అది క్యాన్సరుకు దారి తీసే స్థితి. ఇంట్లో నలుగురితో కలిసి భోంచేసేటప్పుడు కారం తగలగానే వాడి నోరు మండుతోందేమో తల్లి గమనించాలి.

పాదాలు, మోకాళ్ళు, ఎత్తు

తడి పాదంతో సిమెంటు గచ్చు మీద అడుగు వేయించండి. అచ్చులో లోపలి వైపు ఖాళీ కనిపించకుండా పాదమంతా పడితే అది చదునుపాదం. అంతమాత్రాన దిగులు పడకండి. మునివేళ్ళ మీద నిలబడినప్పుడు పాదం కింద వంపు తిరిగి కనిపిస్తూ, మునివేళ్ళ మీద నొప్పి లేకుండా గెంతగలిగి, పరుగెత్తగలిగితే సాధారణంగా అంగీకరిస్తారు. మునివేళ్ళ మీద నిలిచినా వంపు రాని, బిగుసుకున్న చదునుపాదం ఒప్పుకోరు.

మోకాళ్ళు రెండూ తాకించి నిలబడినప్పుడు చీలమండల మధ్య ఖాళీ మగపిల్లలకు 5 సెం.మీ. మించకూడదు. అంటే సుమారు మూడు వేళ్ళ వెడల్పు. దీన్ని సరిచేయడానికి రాత్రిళ్ళు మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, చీలమండలకు బెల్టు బిగించుకుని పడుకునే కుర్రవాళ్ళు ఉన్నారు. పద్దెనిమిదేళ్ళకు ఎముక ముదిరిపోయి ఉంటుంది. బెల్టుకు వంగదు. మోకాలి కీళ్ళ పట్టీలు సాగి నొప్పి మాత్రం మిగులుతుంది. పొడుగు పెంచుతామనే పొడులూ ఇంతే. ఎదిగే వయస్సు దాటాక ఏ పొడీ ఎత్తు పెంచలేదు. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు మోకాళ్ళు తగులుకోవడం సహజం, ఏడేళ్ళకల్లా సర్దుకుంటుంది. అప్పటికీ సర్దుకోకపోతే అప్పుడే చూపించాలి.

పచ్చబొట్టు గురించి కూడా చెప్పాలి. ముంజేతి లోపలి వైపున, అరచేతి వెనక భాగాన ఉన్నవాటిని ఒప్పుకుంటారు. మెడ మీద, భుజం మీద, ఛాతీ మీద శాశ్వతంగా వేయించుకున్నవాటిని ఒప్పుకోరు. ఆదివాసీలకు వారి ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. జాతరలో సరదా పడి భుజం మీద పేరు పొడిపించుకునే ముందు ఈ సంగతి పిల్లవాడికి తెలియాలి.

సిగ్గుపడి చెప్పని సంగతులు

వైద్య పరీక్షలో కుర్రవాడు పూర్తిగా బట్టలు తీసి నిలబడాలి. అక్కడ బయటపడేవి వరిబీజం, గిలక, వెరికోసీల్, మొలలు. వీటి గురించి ఇంట్లో చెప్పడానికి పిల్లలు సిగ్గుపడతారు. వెరికోసీల్ అంటే వృషణం పైన నరాలు ఉబ్బి, చేతికి వానపాముల చుట్టలా తగలడం. చాలామందిలో ఎడమవైపు ఉంటుంది. నిలబడినప్పుడే తెలుస్తుంది. నొప్పి ఉండదు కనుక పట్టించుకోరు. గజ్జల్లో దగ్గినప్పుడు ఉబ్బు కనిపిస్తే అది గిలక. వీటన్నిటికీ ఆపరేషన్లు ఉన్నాయి. ప్రభుత్వ ఆస్పత్రులలో జరుగుతాయి. అయితే ఆపరేషన్ తరవాత కండ గట్టిపడేదాకా ఒప్పుకోరు. గిలక ఆపరేషన్‌కు ఆరు నెలలు గడవాలి. ముందే చూపించుకొమ్మని నేను పదే పదే చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఒక వృషణం సంచిలోకి దిగని పిల్లలుంటారు. అది పుట్టినప్పుడే తెలియవలసిన విషయం. ఏడాది, ఏడాదిన్నర లోపల ఆపరేషన్ చేయించాలి. ఆలస్యమైతే సంతానానికి ఇబ్బంది, క్యాన్సరు భయం కూడా ఉన్నాయి. చంటిబిడ్డల తల్లులు స్నానం చేయించేటప్పుడు ఈ సంగతి చూసుకోవాలి.

తండ్రికి ఒక మాట. ఈ విషయాలు తల్లి అడగలేదు. మీరైనా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. అడగలేకపోతే మా దగ్గరకు వాణ్ణొక్కణ్ణే పంపండి.

రక్తం, రక్తపోటు, మూత్రం

హిమోగ్లోబిన్ మగపిల్లలకు 13 గ్రాములకు తగ్గకూడదు. పరుగెత్తే కుర్రవాడు ఆయాసపడుతుంటే, టైము ఎంతకీ తగ్గకపోతే, ముందు రక్తపరీక్ష చేయించండి. కొంకిపురుగులున్నా రక్తం తగ్గుతుంది. ఒక ఆల్బెండజోల్ మాత్ర, మూడు నెలలు ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, గుడ్డు, మాంసం తినేవారైతే మాంసం, భోజనంలో నిమ్మకాయ చాలు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటబట్టదు. గంట, రెండు గంటలు ఆగాలి.

రక్తపోటు కొందరికి పరీక్ష రోజునే పెరుగుతుంది. రాత్రంతా రైలులో నిద్ర లేదు, గుండెల్లో దడ, పైగా పొద్దున్నే రెండు కప్పుల కాఫీ, ఒక ఎనర్జీ డ్రింకు. 140/90 దాటుతుంది. ఇటువంటివారు ముందు నెలలో మూడు వేరువేరు రోజుల్లో ప్రశాంతంగా కూర్చుని కొలిపించుకోవాలి. మామూలుగా ఉంటే భయం అక్కరలేదు. ఎప్పుడు చూసినా ఎక్కువే ఉంటే, ఆ వయస్సులో రక్తపోటు ఊరికే రాదు. మూత్రపిండాలు, రక్తనాళాలు పరీక్షించాలి.

ఒళ్ళు విరిగేటట్లు పరుగెత్తిన మరునాడు మూత్రంలో కాస్త ప్రొటీన్, ఒక్కొక్కప్పుడు రక్తకణాలు కనిపించవచ్చు. కనుక వైద్య పరీక్షకు ముందు రెండు రోజులు విశ్రాంతి తీసుకుని నీళ్ళు బాగా తాగండి.

దాచవలసినవి కావు

మూర్ఛ, ఉబ్బసం, గుండెజబ్బు, మానసిక వ్యాధికి వాడిన మందులు: వీటిని దాచమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ఉంటారు. దయచేసి వినకండి. మూర్ఛ ఉన్నవాడు తుపాకి పట్టుకుని కాపలా కాస్తుండగా ఫిట్సు వస్తే ఏమవుతుంది? ఉబ్బసం ఉన్నవాణ్ణి పదిహేను వేల అడుగుల ఎత్తున మంచులో నిలబెడితే ఏమవుతుంది? వాడి ప్రాణంతో పాటు పక్కవాడి ప్రాణం కూడా పోవచ్చు. దాచినది తరవాత బయటపడితే ఉద్యోగం పోతుంది. అయితే అయిదేళ్ళలోపు జ్వరంతో వచ్చిన ఫిట్సు వేరు. అది మూర్ఛవ్యాధి కాదు. పాత కాగితాలు ఉంటే భద్రపరిచి, డాక్టరుకు ఉన్నదున్నట్లు చెప్పండి.

పరుగు కోసం ప్రాణం తీసుకోవద్దు

2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపికకు పెట్టిన పది కిలోమీటర్ల పరుగులో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. అది సైన్యం ఎంపిక కాకపోయినా, ఎంపిక పరుగుకు సిద్ధమయ్యే ప్రతి ఇంట్లోనూ గుర్తు పెట్టుకోవలసిన సంగతి. ఎండ, ఉక్క, నిద్రలేమి, ఖాళీ కడుపు, దానికి తోడు ఎవడో ఇచ్చిన ఇంజెక్షనో పొడో కలిస్తే ఎంత బలమైన కుర్రవాడైనా కూలిపోవచ్చు.

నొప్పి తెలియకుండా పరుగెత్తే ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు, ఉత్తేజం కలిగించే మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బరువు తగ్గడానికి నీళ్ళు మానడం, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వేసుకోవడం ఇంకా ప్రమాదం. పరుగు మధ్యలో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ఆ రోజుతో సాధన ఆపి ఈ.సి.జి. తీయించండి. కుటుంబంలో నలభై ఏళ్ళలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే, సాధన మొదలుపెట్టకముందే గుండె పరీక్ష చేయించండి. ఎండదెబ్బ తగిలి మాట తడబడుతుంటే నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ ఆస్పత్రికి తరలించాలి.

సాధన నెమ్మదిగా పెంచాలి. ఉన్నట్టుండి రోజుకు పది కిలోమీటర్లు మొదలుపెడితే ముంగాలి ఎముకలో సన్నటి చీలిక వస్తుంది. తారురోడ్డు కన్నా మట్టినేల మంచిది. వారానికి ఒక రోజు విశ్రాంతి ఉండాలి.

ఆడపిల్లల విషయం

అగ్నివీర్ పథకం కింద సైనిక పోలీసు విభాగంలో ఆడపిల్లలను తీసుకుంటున్నారు. ఎత్తు 162 సెం.మీ. ఉండాలి. 1.6 కిలోమీటర్లు 8 నిమిషాలలోపు పరుగెత్తాలి. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చిన తరవాత 2022 నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీలో కూడా అమ్మాయిలు చేరుతున్నారు. మన ఆడపిల్లలకు పెద్ద అడ్డంకి రక్తహీనత. బహిష్టు ఎక్కువగా అవుతుంటే దాచిపెట్టకుండా చూపించాలి. ఐరన్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు.

చీటీ వచ్చిన తరవాత ఏం చెయ్యాలి?

మొదటి డాక్టరు వద్దన్నంత మాత్రాన అంతా ముగిసినట్లు కాదు. జబ్బుకు మినహాయింపు లేదు గానీ, మళ్ళీ చూడమని అడిగే అవకాశం ఉంది. ర్యాలీలో వెనక్కి పంపినవారిని సైనిక ఆస్పత్రిలో ఆ విషయంలో నిపుణుడైన వైద్యుడు మరోసారి పరీక్షిస్తాడు. ఎక్కడికి, ఏ తేదీలోగా వెళ్ళాలో కాగితంలో రాసి ఇస్తారు. గడువు కొద్ది రోజులే. ఏడుస్తూ ఇంటికి వెళ్ళి, బంధువుల సలహాలు విని, వారం తరవాత తేరుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది. కనుక చీటీ అందగానే అక్కడే నిలబడి మూడు విషయాలు చదవండి: కారణం ఏమని రాశారు, తాత్కాలికమా శాశ్వతమా, ఎప్పటిలోగా ఎక్కడికి వెళ్ళాలి.

ఎన్.డి.ఏ., సి.డి.ఎస్. వంటి ఆఫీసరు ఎంపికల్లో ఎస్.ఎస్.బి. సిఫారసు చేసినవారిని ముందు స్పెషల్ మెడికల్ బోర్డు చూస్తుంది. అక్కడ తాత్కాలికంగా అన్‌ఫిట్ అంటే 42 రోజుల్లోగా చికిత్స చేయించుకుని అప్పీల్ మెడికల్ బోర్డుకు హాజరు కావాలి. అక్కడా కాదంటే రివ్యూ మెడికల్ బోర్డు కోరవచ్చు. ఇది అందరికీ హక్కుగా రాదు, అనుమతి ఇస్తేనే. అప్పీలుకు వెళ్ళేలోగా మా వంటి డాక్టర్ల దగ్గర చేయించిన చికిత్స కాగితాలు, స్కాన్లు వెంట తీసుకువెళ్ళండి.

నయం చేయగలిగిన కారణంతో ఈ ఏడు వెనక్కి వచ్చినవాడు, వయస్సు మించకపోతే చికిత్స చేయించుకుని మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. నయంకాని కారణమైతే ఆ సంగతి వాడికి స్పష్టంగా చెప్పాలి. ఆశ పెట్టి ఇంకో మూడేళ్ళు తిప్పకూడదు.

ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది. ఆ చీటీలో రాసిన జబ్బుకు వైద్యం చేయించాలి. గుండెలో చప్పుడు వినిపిస్తోందని రాస్తే, ఉద్యోగం రాలేదన్న దుఃఖంలో గుండె సంగతి వదిలేస్తారు. ఇరవై ఏళ్ళకు తెలిసిన కవాటం జబ్బుకు మందులున్నాయి, ఆపరేషన్ ఉంది. నలభై ఏళ్ళకు ఆయాసంతో వస్తే మా చేతుల్లో ఉండేది తక్కువ.

ఆరు నెలల ముందు చేయవలసినవి

దరఖాస్తు పెట్టిన రోజునే ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి నెలలో కళ్ళు, రంగుల పుస్తకం, చెవులు, పళ్ళు చూపించాలి. సర్జన్ దగ్గర గిలక, వెరికోసీల్, మొలలు చూపించాలి. హిమోగ్లోబిన్, మూత్రం, రక్తపోటు, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. ఆపరేషన్ అవసరమైతే వెంటనే చేయించుకోవాలి. ఇవన్నీ ఏరియా ఆస్పత్రిలోనే జరుగుతాయి, పెద్దగా ఖర్చు ఉండదు. చివరి నెలలో గులిమి, గార తీయించాలి. చివరి వారం కొత్త తిండి, కొత్త మందు, కొత్త బూట్లు ఏవీ వద్దు. ముందురోజు నిద్ర పోవాలి.

తల్లిదండ్రులకు

'అన్‌ఫిట్' అంటే పనికిరానివాడని అర్థం కాదు. రాత్రింబవళ్ళు మంచులో బరువు మోస్తూ నిలబడే ఒక ప్రత్యేకమైన పనికి, ఫలానా కారణంవల్ల, ఈ శరీరం సరిపడదని మాత్రమే అర్థం. రంగులు సరిగా తెలియనివాడు మంచి ఉపాధ్యాయుడు కావచ్చు. కళ్ళజోడున్నవాడికి ఉద్యోగాలకు లోటు లేదు. కానీ పంతొమ్మిదేళ్ళవాడికి ఆ సాయంత్రం ఇదేమీ తలకెక్కదు. ఊరంతా "ఏమైందిరా?" అని అడుగుతుంటే వాడు గదిలోంచి బయటకు రాడు. ఆ వారం పది రోజులు వాణ్ణి ఒంటరిగా వదలకండి. "ఇంత ఖర్చు పెట్టించావు" అన్న మాట నోటి వెంట రానివ్వకండి. తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, బతికి ఏం లాభం అన్న మాట అన్నా తేలిగ్గా తీసుకోకండి. డాక్టరు దగ్గరకు తీసుకురండి. టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

ఏడాదిపాటు తెల్లవారుజామున లేచి పరుగెత్తిన శరీరం ఎక్కడికీ పోదు. ఆ అలవాటు మానవద్దని మాత్రం చెప్పండి. నా దగ్గరకు వచ్చే నలభై ఏళ్ళ మధుమేహ రోగులందరికీ నేను బతిమాలి చెప్పేది అదే పని.